పోటీ పరీక్షల ప్రత్యేకం: ‘రోబస్ట్’ అంటే?

ఆర్, ఓ, బి, యు, ఎస్, టి: ఇదీ స్పెల్లింగ్. పలికేటప్పుడు ‘బస్ట్’ దగ్గర ఊనిక. దృఢమైన, బలిష్ఠమైన, తట్టుకుని నిలిచే అని అర్థం.

దీని మూలం లాటిన్‌లోని ‘రోబుర్’. ఆ మాటకు ఓక్ చెట్టు, గట్టి కలప అనే అర్థాలతో పాటు బలం అనే అర్థమూ ఉంది. తెలుగులో ‘చేవ’ అచ్చంగా ఇలాంటిదే: చెట్టు నడిమి గట్టి కలపా చేవే, మనిషి సత్తువా చేవే. ఈ పోలిక పట్టుకుంటే పదం ఇక మరచిపోరు. ఓక్‌లలో ఒక జాతి శాస్త్రీయ నామం క్వెర్కస్ రోబుర్. రుజువుతో బలపరచడం అనే అర్థమున్న ‘కరాబరేట్’ కూడా ఈ వేరు నుంచే పుట్టింది. రోబస్టా కాఫీ పేరూ అంతే. అరకులో పండేది మాత్రం అరబికా. ఇక్కడ చాలామంది తడబడతారు.

వాడుకకు రాజమహేంద్రవరం హేవలాక్ వంతెననే తీసుకోండి. 1897లో పని మొదలై 1900లో రైళ్లకు తెరిచారు. 56 స్పాన్లు. గోదావరి వరదలు ఎన్నొచ్చినా 1997 దాకా రైళ్లను మోసింది. అలాంటి కట్టడాన్ని ‘రోబస్ట్ స్ట్రక్చర్’ అనాలి. ఒక్క దెబ్బకు చూపే బలం కాదు, ఏళ్ల తరబడి తట్టుకునే గట్టిదనం ఇందులో ముఖ్యం. రోబస్ట్ ఎకానమీ, రోబస్ట్ హెల్త్ కూడా ఇలాంటి ప్రయోగాలే.

సమానార్థకాలు: స్టర్డీ, విగరస్. వ్యతిరేకాలు: ఫ్రెయిల్, ఫీబుల్. నామవాచకం రోబస్ట్‌నెస్. వ్యతిరేక పదం అడిగినప్పుడు హడావుడిలో ‘స్టర్డీ’ని గుర్తించకండి.