కర్బన సౌర ఘటాలలో అణువుల అమరిక: హరితగృహ సాగుకు దాని ప్రాధాన్యం

వ్యవసాయంలో ‘సేంద్రియ’ అనే మాటకున్న అర్థం సౌర ఘటాలకు వర్తించదు. సిలికానుకు బదులు కర్బన అణువుల పలుచని పొరతో విద్యుత్తును ఉత్పత్తి చేసేదే కర్బన సౌర ఘటం. దీనిని కొంత మేర పారదర్శకంగా తయారు చేయవచ్చు. అందువలన హరితగృహాల పైకప్పుగా దీని వినియోగంపై పరిశోధనలు జరుగుతున్నాయి. హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనూ కర్బన సౌర ఘటాలకు తగిన అణువుల తయారీపై కృషి జరిగింది.

ఈ ఘటంపై కాంతి పడినపుడు ఎలక్ట్రాను, అది వదలిన ఖాళీ ఒకదానినొకటి అంటిపెట్టుకొని జంటగా ఏర్పడతాయి. ఈ జంట సాధారణంగా 10 నానోమీటర్ల దూరం మాత్రమే పయనించి నశిస్తుంది. ఆ లోపే దాత, గ్రహీత అణువుల సరిహద్దును చేరితే విడిపోతుంది. కావున రెండు రకాల అణువులను సన్నగా కలపాలి. అయితే మిశ్రమంలో ఎలక్ట్రోడు వరకు తెగని మార్గాలు కూడా ఉండాలి. నాంపల్లి స్టేషనులో దిగిన ప్రయాణికుడు ఆబిడ్స్ కూడలికి చేరాలంటే వీధులు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. దారి మూసుకుపోయిన సందులు ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదు. ఆవేశాల ప్రయాణమూ అట్టిదే.

పాలీథయోఫీన్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని పార్శ్వ శృంఖలాలు క్రమంగా ఒకే తీరున ఉంటే అణువులు దొంతరలుగా పేరుకుంటాయి. 2005లో ఇటువంటి ఘటాలను 150 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేయగా సామర్థ్యం 5 శాతానికి చేరువైంది. ఇక్కడ పదార్థం మారలేదు, అమరిక మాత్రమే మెరుగుపడింది. అణువుల దిశ కూడా ముఖ్యమే. చదునైన అణువులు ఎలక్ట్రోడుపై పడుకొన్నట్లు అమరితే ఆవేశాలు నిలువుగా సులభంగా కదులుతాయి. 2019లో వెలువడిన వై6 అనే గ్రహీత అణువుతో సామర్థ్యం 15.7 శాతానికి పెరిగింది.

వై6 అణువు సమీప పరారుణ కాంతిని కూడా గ్రహిస్తుంది. మొక్కలు కిరణజన్య సంయోగక్రియకు ప్రధానంగా 400–700 నానోమీటర్ల కాంతిని వాడుకుంటాయి. పరారుణాన్ని ఎక్కువగా గ్రహించే దాత, గ్రహీతలను ఎంచుకుంటే పైరుకు కావలసిన కాంతిలో అధిక భాగం మిగులుతుంది.

ఐతే తయారీలో మేలు చేసిన వేడియే వాడకంలో కీడు చేయవచ్చు. దీర్ఘకాలం వేడికి గురైన పొరలో అణువులు నెమ్మదిగా కదిలి, ఒకే రకానివి గుంపులుగా చేరతాయి. అపుడు సరిహద్దులు తగ్గి విద్యుత్తు పడిపోతుంది. మన వేసవిలో హరితగృహ పైకప్పు వేడి గాలి వేడిని మించుతుంది. కావున రైతుకు సిఫారసు చేయకముందు విస్తరణ శాస్త్రవేత్తలు తొలినాటి సామర్థ్యంతో తృప్తిపడక, వేసవి గడిచిన పిదప మిగిలిన సామర్థ్యాన్ని, పైరుపై పడే కాంతిని కొలిచి చూడవలెను.