దగ్గు మందు సీసా మీది బ్యాచ్ నంబరు

2025 అక్టోబరులో కోల్డ్‌రిఫ్ అనే దగ్గు మందు గురించి పేపర్లలో, టి.వి.లలో వచ్చిన వార్తలు మీకు గుర్తుండే ఉంటాయి. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఈ మందు తాగిన ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు కిడ్నీలు చెడిపోయి చనిపోయారు. ఆ రోజుల్లో తల్లులు ఇంట్లో ఉన్న సీసాలన్నీ సంచిలో వేసుకొని వచ్చి, "సిస్టరమ్మా, ఇది అదేనా చూడండి" అని మమ్మల్ని అడిగేవారు. కొన్ని సీసాలకు లేబులే లేదు. అటువంటి వాటికి మేము ఏ జవాబూ చెప్పలేము.

ఎందుకో చెప్తాము. ఆ మందు తయారైంది తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో. మధ్యప్రదేశ్ అధికారులు అక్టోబరు 1న తమిళనాడుకు తెలియజేయగా, అక్కడి వారు వెంటనే కంపెనీకి వెళ్లి శాంపిల్ తీసి పరీక్ష చేయించారు. ఎస్.ఆర్-13 అనే బ్యాచ్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉన్నట్లు తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం మాత్రమే. అక్టోబరు 4న మన తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఆ బ్యాచ్ వాడవద్దని ప్రకటించింది. అక్టోబరు 8న ఢిల్లీలోని కేంద్ర సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిపింది. 13వ తేదీన ఆ సంస్థ అన్ని దేశాలను హెచ్చరించింది.

ఈ మందు విదేశాలకు పంపలేదని మన ప్రభుత్వం చెప్పింది. మరి ఇతర దేశాలకు ఎందుకు చెప్పాలి? బిల్లు లేకుండా, చేతి సంచుల్లో సరిహద్దు దాటే మందులు ఉంటాయి కనుక. అంతకు మూడేళ్ల ముందు, 2022లో, ఆఫ్రికాలోని గాంబియా దేశంలో సుమారు 70 మంది పిల్లలు చనిపోయారు. అప్పుడు అనుమానం వచ్చిన నాలుగు సిరప్‌లు మన హర్యానాలో తయారైనవే. అక్టోబరు 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. అక్కడ రెడ్‌క్రాస్ వారు ఇల్లిల్లూ తిరిగి సీసాలు సేకరించారు. ఆ పని మాకు చాలా నచ్చింది. ఎందుకంటే షాపులో సరుకు ఆపవచ్చు గాని, వంటింటి అలమరలో ఉన్నది ఎవరు ఆపుతారు?

ఈ విషం కొత్తది కాదు. 1937లో అమెరికాలో వందమందికి పైగా దీనివల్ల పోయారు. 1972లో మద్రాసులో, 1986లో బొంబాయిలో కూడా మరణాలు జరిగాయి. సిరప్‌లో మందును కరిగించడానికి వాడే మంచి ద్రవానికి బదులు చౌకరకం ఫ్యాక్టరీ ద్రవం వాడినా, దానితో కల్తీ అయినా ఇది వచ్చి చేరుతుంది. ఇది తియ్యగానే ఉంటుంది, రంగు ఉండదు. కాబట్టి వాసన చూసి, నాలుకకు రాసుకొని కనిపెట్టడం తల్లికే కాదు, మాకూ సాధ్యం కాదు. ల్యాబులో పరీక్షించాలి. ఆ ల్యాబు ఇచ్చే హెచ్చరికలో ఉండేది మందు పేరు, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు. మీ చేతిలోని సీసాపై అవి చెరిగిపోతే అంత దూరం నుండి వచ్చిన కబురు మీ గడప దగ్గరే ఆగిపోతుంది.

అందుచేత సిరప్‌ను వేరే సీసాలో పోయకండి, లేబుల్ చింపకండి, బిల్లు దాచండి. పోయిన చలికాలం మిగిలిన దగ్గు మందును ఈసారి తమ్ముడికి తాగించే అలవాటు మన ఊళ్లలో బాగా ఉంది. అది మానాలి. అసలు రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని, ఐదేళ్ల లోపు వారికి సాధారణంగా అవసరం లేదని 2025 అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. చాలా దగ్గులు వాటంతట అవే తగ్గుతాయి.

సిరప్ తాగిన పిల్లకు వాంతులు, కడుపునొప్పి, మత్తు కనిపించినా, ముఖ్యంగా మూత్రం తగ్గినా, తెల్లవారేదాకా ఆగవద్దు. సీసా పారవేయక, పిల్లతోపాటు ఆస్పత్రికి తీసుకురండి. మందు మీద అనుమానం ఉంటే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఉచిత ఫోను 1800-599-6969. మందు వికటించిన సంగతి తెలపడానికి జాతీయ ఉచిత ఫోను 1800-180-3024. చదువు రాని వారైతే సీసా మా నర్సులకు చూపించండి, నంబరు మేమే చదివి చెప్తాము.