పాఠం 14. జట్టు పనికి ఏ పద్ధతి తగును?

ఈ పాఠం చదివిన తరువాత మీరు, ఒక సాఫ్ట్‌వేర్ జట్టుకు పని ఏ తీరున వస్తున్నదో గమనించి, దానికి స్క్రమ్ తగునో, కాన్‌బాన్ తగునో, అసలు రెండూ అక్కరలేదో కారణాలతో చెప్పగలుగుతారు.

14.1 ఉపోద్ఘాతం

ఎజైల్ అనే మాట గత పాఠంలో చదివారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సమావేశమై ప్రకటించిన సూత్రాలకు ఆ పేరు పెట్టారు. పనిని కొద్దికొద్దిగా పూర్తిచేసి, వాడేవారికి చూపి, వారు చెప్పినదాన్ని బట్టి తరువాతి అడుగు వేయడం వాటి సారాంశం. ఆ సూత్రాలను రోజువారీ పనిలో అమలుపరచే పద్ధతులు అనేకం ఉన్నాయి. చాలాచోట్ల పక్క జట్టు వాడుతున్నదనో, పై అధికారికి నచ్చిందనో ఒకదాన్ని తెచ్చిపెడతారు. పద్ధతి పనికి అతకకపోతే గడువులు తప్పుతాయి. ఆ నింద తరచు కొత్తగా చేరినవారి మీద పడుతుంది. రేపు ఆ కొత్తవారు మీరే కావచ్చు.

14.2 రెండు పద్ధతులు

స్క్రమ్‌ను కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో ఒక సదస్సులో వివరించారు. ఇందులో కాలాన్ని నెలకు మించని విడతలుగా విభజిస్తారు. ఒక్కొక్క విడతను స్ప్రింట్ అంటారు. విడత మొదట్లో లక్ష్యం నిర్ణయించుకుంటారు. రోజూ 15 నిమిషాలు కలుసుకొని పని ఎంతవరకు వచ్చిందో చూసుకుంటారు. చివర పూర్తయిన భాగాన్ని వాడేవారికి చూపుతారు. జట్టు సాధారణంగా 10 మందికి మించదు. విడత నడుస్తుండగా లక్ష్యానికి భంగం కలిగించే మార్పులు చేయరాదు. ఈ చివరి నియమాన్ని బాగా గుర్తుంచుకోండి.

కాన్‌బాన్ అనే జపాను మాటకు సూచిక పలక అని అర్థం. టొయోటా కార్ఖానాలో తాయిచి ఓనో దీనిని కార్డుల పద్ధతిగా రూపొందించారు. ముందున్నవారు కార్డు పంపితేనే వెనుకనున్నవారు భాగాలు తయారుచేయాలి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే కిటుకు. విడతలు ఉండనక్కరలేదు. ఒకేసారి ఎన్ని పనులు చేతిలో ఉండవచ్చో హద్దు పెట్టుకుంటారు. ఒకటి ముగిస్తేనే మరొకటి లోనికి తీసుకుంటారు.

ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పేరు కూడా మీరు వినే ఉంటారు. అది ముఖ్యంగా ప్రోగ్రాం ఎలా రాయాలో, ఎలా పరీక్షించాలో చెబుతుంది. కనుక పై రెండింటిలో దేనితోనైనా కలిపి వాడవచ్చు.

14.3 హైదరాబాదు జట్టు

ఇప్పుడు నిజంగా జరిగిన ఒక ఉదాహరణ చూద్దాం. మైక్రోసాఫ్ట్ తన సొంత అవసరాలకు వాడుకునే ప్రోగ్రాంలలో మార్పులు, మరమ్మతులు చేసే చిన్న జట్టు ఒకటి హైదరాబాదులో ఉండేది. 2004లో దాని బాధ్యత డ్రాగోస్ డుమిట్రియు తీసుకున్నారు. డేవిడ్ ఆండర్సన్ సలహాదారు. ఎవరైనా ఒక మార్పు కోరితే అది చేతికి అందడానికి అప్పట్లో సుమారు ఐదు నెలలు పట్టేది. పనివారు సోమరులా? కాదు. కోరిక వచ్చిన ప్రతిసారీ, అది ఎంత పనో వెంటనే అంచనా వేసి చెప్పాలనే నియమం ఉండేది. అందుకోసం చేతిలోని పని ఆపవలసి వచ్చేది. జట్టు శక్తిలో సుమారు మూడో వంతు ఈ అంచనాలకే ఖర్చయ్యేది. పైగా అంచనా వేసిన పనులన్నీ చేయించుకునేవారూ కాదు!

అంచనాలు మానివేశారు. చేతిలో ఉండే పనులకు హద్దు పెట్టారు. ఖాళీ ఏర్పడినప్పుడు తరువాత ఏది కావాలో అడిగినవారే ఎంచుకునేవారు. తొమ్మిది నెలల్లో ఆ ఐదు నెలల గడువు రెండు వారాలకు దిగింది. ప్రోగ్రాం రాసే తీరు మారలేదని గమనించండి. పని లోనికి వచ్చే తీరు మారింది.

అదే జట్టుకు స్క్రమ్ పెట్టి ఉంటే? మరమ్మతు చెప్పిరాదు. విడత లక్ష్యం రెండో రోజే చెదరిపోయేది.

14.4 ఎలా ఎన్నుకోవాలి?

బస్సు టికెట్ల కోసం కొత్త యాప్ తయారుచేసే జట్టును ఊహించుకోండి. ప్రయాణికులకు ఏది అనుకూలమో ముందుగా ఎవరికీ తెలియదు. రెండు వారాలకొకసారి చూపించి, దిద్దుకుంటూ పోవాలి. ఆ రెండు వారాలూ జట్టును కదిలించకుండా ఉండగలిగితే స్క్రమ్ చక్కగా సరిపోతుంది. యాప్ జనంలోకి వెళ్ళాక ఫిర్యాదులు మొదలవుతాయి. అప్పుడు అదే జట్టు కాన్‌బాన్‌కు మారవలసి రావచ్చు. రెండు రకాల పనులూ ఒకేసారి ఉంటే, ఒకరిద్దరిని వంతులవారీగా మరమ్మతులకు కేటాయించి మిగిలినవారిని విడత పనిలో ఉంచడం మేలు.

పన్ను రేటు మారితే ప్రోగ్రాంలో ఆ అంకె మార్చడం వంటి పనికి ఇవేవీ అక్కరలేదు. చేయవలసింది ముందే తెలుసు. చేసి, పరీక్షించి, ఇచ్చేయడమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. విడత మధ్యలో లక్ష్యాన్ని చెదరగొట్టరాదనే నియమం మరమ్మతు జట్టుకు ఎందుకు ఇబ్బంది అవుతుంది?

2. హైదరాబాదు జట్టులో ఆలస్యానికి అంచనాలు ఎలా కారణమయ్యాయి?

3. మీరు పనిచేసే చోట, లేదా మీకు తెలిసిన కార్యాలయంలో, రెండు వారాలపాటు వచ్చిన ప్రతి పనినీ నోటుపుస్తకంలో రాయండి. ముందే తెలిసినవి ఒక వరుసలో, చెప్పాపెట్టకుండా వచ్చినవి మరొక వరుసలో వేయండి. ఏ వరుస పొడవుగా ఉందో చూసి, అక్కడికి ఏ పద్ధతి సూచిస్తారో ఐదారు వాక్యాలలో రాయండి.