చౌక కరెంటు బండి: అసలు ఖర్చు తర్వాతే!

పాలకేంద్రానికి క్యాను వేసుకెళ్లడానికి కరెంటు స్కూటరు కొనదలచిన రైతులు బండి ధర కన్నా ముందు బ్యాటరీ సంగతి అడగాలి. తక్కువ ధర బండ్లలో ఎక్కువగా ఉండేవి లెడ్ యాసిడ్ బ్యాటరీలే. 12 వోల్టులవి ఐదు కలిపితే 60 వోల్టుల సెట్టు. 28 ఆంపియర్ అవర్ల సెట్టు నిండడానికి రెండు యూనిట్ల పైచిలుకు కరెంటు చాలు. డీలరు చెప్పేది ఇంతవరకు నిజమే. కానీ రోజూ పూర్తిగా దిగేదాకా తోలితే సెట్టు ఏడాది, ఏడాదిన్నరకే మూలపడుతుంది. ఐదింట్లో ఒకటి పాడైతే మిగతావీ దెబ్బతింటాయి, ఒక్కటే మార్చి లాభం లేదు. కనుక కొత్త సెట్టు ధర ఇప్పుడే అడిగి, 12 నెలలకు పంచి లెక్క చూసుకోండి. బ్యాటరీకి వారంటీ ఎన్నాళ్లో బిల్లు మీద రాయించుకోండి.

ఇక లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట. మోటారు 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా ఉండి, ఆమోదం పొందిన బండికే ఆ మినహాయింపు. ఆ కాగితం చూపమనండి. వేగం పెరిగేలా మార్పించారా, అది మోటారు వాహనం కిందికే వస్తుంది. బీమా లేని బండి ఎవరికైనా తగిలితే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది, చేను అమ్ముకోవాల్సి రావచ్చు.

ఊళ్లో మెకానిక్ లేకపోతే బండిని ట్రాలీలో పట్నం చేర్చే కిరాయి కూడా రాసుకోండి. పాత సెట్టును మాత్రం ఊరికే వదలకండి. సీసానికి తూకం ధర ఉంది, కొత్త సెట్టు బిల్లులో తగ్గించమనండి.