చీపురు ఎక్కడ పెడతావమ్మా?

మూడు రాత్రులు నిద్ర మానుకుని గీసిన ఆరు షీట్లు గోడకి అంటించి పక్కన నిలబడ్డాను. ఇంటీరియర్ డిజైన్ రెండో ఏడు, డిసెంబరు జ్యూరీ, అంటే గీసినవాటిని పెద్దల ముందు పెట్టి మార్కులు వేయించుకునే పరీక్ష. నలుగురుండే కుటుంబానికి రెండు పడగ్గదుల ఫ్లాటు, అదీ ప్రాజెక్టు. హాల్లో లేత గోధుమరంగు సోఫా, దాని పైన వేలాడే మూడు గాజు దీపాలు, వంటింట్లో మెరిసే తెల్లటి షట్టర్లు, బాల్కనీలో వెదురు ఊయల. బయటి నుంచి జ్యూరీకి వచ్చిన పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని షీట్లన్నీ ఒక్కొక్కటే చూశారు. చాలాసేపు చూసి ఒకే ప్రశ్న వేశారు.

"చీపురు ఎక్కడ పెడతావమ్మా?"

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. "సరే, ఖాళీ గ్యాస్ బండ ఎక్కడుంటుంది? పాతిక కిలోల బియ్యం బస్తా? చుట్టాలొస్తే పరిచే పరుపులు? వానాకాలంలో బట్టలు ఎక్కడ ఆరేస్తారు?" అడుగుతూనే పోయారు. నా ఫ్లాటులో నలుగురు ఉంటారని షీటు మీద రాశానే గాని, ఆ నలుగురి దగ్గరా ఒక్క తడి తువ్వాలైనా లేదు.

ఆ సాయంత్రం సిటీ బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. తెనాలి నుంచి వచ్చినదాన్ని, పదో తరగతి దాకా తెలుగు మీడియం, అందుకే అలా చులకన చేశారనుకున్నాను. ఆ ప్రశ్నలో నా ఊరు లేదు, మీడియం లేదు. చీపురు మాత్రమే ఉంది. ఇది అర్థం కావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు నేనూ చాలానే చదివాను. అద్దం ముందు నిలబడి 'నేను సాధిస్తాను' అని పదిసార్లు అనుకోమనేవి, తెల్లవారుజామున లేవమనేవి. లేచాను కూడా. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నన్ను మార్చినవి ఆ పుస్తకాలు కాదనిపిస్తుంది. కాలేజీలో మార్కుల కోసం చేసిన నాలుగైదు ప్రాజెక్టులే ఆ పని చేశాయి. అందులోనూ బాగా కుదిరినవి తక్కువ, జ్యూరీలో చివాట్లు తిన్నవే ఎక్కువ.

చివాట్ల సంగతే ముందు చెబుతాను. హాస్టల్లో ఒక సీనియర్ అక్క ఉండేది. నా ఏడుపు చూసి ఓదార్చలేదు, ఒక నోటు పుస్తకం చేతికిచ్చింది. "ఆయన అన్నది అన్నట్టు రాయి. నీకు అర్థమైంది రాయకు, ఆయన నోట్లోంచి వచ్చిన మాటే రాయి. రెండు రోజుల దాకా తెరవకు" అంది. గుర్తున్నంతవరకు పదకొండు వాక్యాలు రాశాను. మూడో రోజు తెరిస్తే ఆశ్చర్యం వేసింది. 'నీకు రాదు' అన్న మాట ఎక్కడా లేదు. రెండు రోజులుగా నా చెవుల్లో మోగుతున్నది మాత్రం ఆ మాటే. పదకొండింటిలో ఏడు నిజాలు. మూడు ఆయన ఇష్టాయిష్టాలు, రంగు గురించీ ఊయల గురించీ. ఒకటి ఆయన పొరపాటు, ప్లానులో ఒక తలుపును కిటికీ అనుకున్నారు. చదువు అయిపోయేదాకా ప్రతి జ్యూరీ తర్వాతా అలాగే రాశాను. ఇప్పుడు క్లయింటు కోప్పడినా అదే పని. మాటకీ, మాట నాలో లేపిన బాధకీ మధ్య రెండు రోజుల ఎడం ఉంటే చాలు, ఆ రెండూ వేరువేరుగా కనిపిస్తాయి.

ఇక చీపురు సంగతి. అది నన్ను వదల్లేదు, డిజైన్ చరిత్ర క్లాసులో మళ్లీ ఎదురైంది. 1958లో అమెరికన్ డిజైనర్ దంపతులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ మన దేశంలో తిరిగి ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. అహ్మదాబాదులో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి దారి వేసింది అదే. ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలో వాళ్లు బాగా మెచ్చుకున్నది మన నీళ్ల చెంబుని. మెచ్చుకుని ఊరుకోలేదు, చెంబుని కొత్తగా తయారు చేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి, పట్టుకునే చెయ్యి ఎంతది, చంకనా నెత్తినా, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ తూకం ఎలా నిలుస్తుంది, కడగడం తేలికేనా, ఖరీదెంత, ఇంకో పాత్రకి తగిలితే ఎలా మోగుతుంది, ఇలా. ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. జ్యూరీలో ఆ పెద్దాయన వేసినవీ ఈ జాతి ప్రశ్నలే. నేను సోఫా రంగు దగ్గర మొదలుపెట్టాను. వాళ్లు పట్టుకునే చెయ్యి దగ్గర మొదలుపెట్టారు.

ఆ తర్వాత సెలవుల్లో కాలేజీలో ఇచ్చిన పని, మీ ఇంటినే కొలిచి గీసుకు రమ్మని. సులువనుకున్నాను. పుట్టి పెరిగిన ఇల్లు, కళ్లు మూసుకుని గీసేస్తాననుకున్నాను. తీరా టేపు పట్టుకుంటే ఒక్క అంచనా కూడా సరిపోలేదు. వంటగట్టు ఎత్తు 34 అంగుళాలు. పాఠ్యపుస్తకంలోనూ అటూఇటూగా అంతే ఉంది, 850 నుంచి 900 మిల్లీమీటర్లు. సరిగ్గా ఉందని రాసుకుంటుంటే అమ్మ కాలితో పీట లాక్కుని, దాని మీదకెక్కి పప్పు కలిపింది.

ఆ పీట నేను పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. అమ్మ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. 34 అంగుళాల గట్టు, దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద లోతు గిన్నె. గరిట పట్టిన చెయ్యి భుజం దాకా లేవాలి. నిలబడి చేసే పనికి గట్టు మోచేతికి పది పదిహేను సెంటీమీటర్లు కిందుంటే సుఖమని క్లాసులో రాసుకున్నాను, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను. పీట మాత్రం నాకు అప్పటిదాకా కనిపించలేదు. "ఎన్నేళ్ల నుంచి ఇలా ఎక్కి వండుతున్నావు?" అనడిగితే "గట్టు కట్టిన కాణ్ణించీ" అంది, అదో వింత ప్రశ్న అన్నట్టు. కట్టేటప్పుడు ఎత్తు ఎంతుండాలో ఎవరిని అడిగారంటే, మేస్త్రీ నాన్నని అడిగారట. నాన్న అయిదడుగుల తొమ్మిది.

ఇలాంటి పొరపాటు చిన్నా పెద్దా అందరూ చేశారు. 1940లలో ఆర్కిటెక్టు లె కార్బూజియే 'మాడ్యులార్' అని మనిషి శరీరం ఆధారంగా కొలతల పద్ధతి ఒకటి కట్టాడు. మొదట మనిషి ఎత్తు 175 సెంటీమీటర్లనుకుని, తర్వాత 183కి మార్చాడు. కారణం వింటే నవ్వొస్తుంది, ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో అందగాళ్లందరూ ఆరడుగులవాళ్లే కదా అని. ఆ ఆరడుగుల మనిషి చెయ్యెత్తితే 226 సెంటీమీటర్లు. మన చండీగఢ్ భవనాల్లోనూ ఆ కొలతలున్నాయి. ఆయన మేధావి, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ లెక్కలో మా అమ్మ లేదు.

దీనికి ఎదురుగా నాకిష్టమైన మనిషి మార్గరెటె షూట్టె-లిహోట్జ్‌కీ, ఆస్ట్రియా ఆర్కిటెక్టు. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం ఒక చిన్న వంటిల్లు రూపొందించింది. వెడల్పు రెండు మీటర్లు లేదు, పొడవు మూడున్నర లోపే. దాదాపు పదివేల ఇళ్లలో పెట్టారు. ఈ రోజు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి అది అమ్మమ్మ. అసలు విశేషం ఏమిటంటే, అప్పటికి తనకి వంటే రాదని ఆవిడే తర్వాత ఒప్పుకుంది. రాదు కాబట్టే ఊహించుకోలేదు. ఏ పనికి ఎన్ని అడుగులు నడుస్తారో, ఎంతసేపు పడుతుందో స్టాప్‌వాచీ పెట్టి చూసింది, రైలు భోజన పెట్టెల్లో వంటగదులు చూసింది. తెలియనప్పుడు చూడాలి, తెలుసనుకున్నప్పుడు ఇంకా ఎక్కువ చూడాలి. నాకొచ్చిన చిక్కు రెండోది.

మూడో ఏడు ఫర్నిచర్ ప్రాజెక్టు. గీసిన దాన్ని నిజం సైజులో చేయించి తేవాలి. నాది పుస్తకాల అర. ఎనిమిది అడుగుల ప్లై షీటుని అడ్డంగా నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి రెండడుగులు, పైసా వృథా లేదు. గర్వంగా మా ఊరి వడ్రంగి ఆచారి గారి దగ్గరకి కాగితం పట్టుకెళ్లాను. ఆయన చూసి, బీడీ పక్కన పెట్టి, "రంపం తినేది ఎవరు లెక్కేస్తారమ్మా?" అన్నారు. ఒక్కో కోతకి రంపం మూడు మిల్లీమీటర్ల దాకా పొట్టు చేస్తుంది. మూడు కోతలకి తొమ్మిది. నా నాలుగో పలక ఆ మేరకు పొట్టి. కంప్యూటర్లో గీత గీస్తే గీతకి మందం ఉండదు, చెక్కలో ప్రతి గీతకీ ఉంటుంది. నాలుగు రోజులు ఆయన కొట్టు దగ్గరే కూర్చున్నాను. హింజ్ ఎక్కడ బిగించాలో, లామినేట్ అంచు ఎందుకు లేస్తుందో, వానాకాలంలో సొరుగు ఎందుకు పట్టేస్తుందో ఆయనే చెప్పారు. స్టూడియోలో రెండేళ్లలో అన్ని ప్రశ్నలు నేను అడిగి ఉండను. అడిగితే తెలియదనుకుంటారని భయం. ఆయన దగ్గర ఆ భయం లేదు, నాకు తెలియదని ఆయనకి ముందే తెలుసు.

వీల్‌చైర్‌లో ఒక రోజంతా కాలేజీలో తిరగమన్న ప్రాజెక్టు గురించి ఎక్కువ చెప్పను. మోచేతులు రెండున్నర అడుగుల బాత్రూం గుమ్మానికి గీసుకుపోయాయి. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల ర్యాంపు ఎందుకు కావాలో భుజాలకి తెలిసింది. గ్రూప్ ప్రాజెక్టుల గురించి అసలే చెప్పను. అయిదుగురి పేర్లుండి ఇద్దరు పని చేసే ఆ పద్ధతి అందరికీ తెలిసిందే.

ఒక మాట మాత్రం డిజైన్ చదివే పిల్లలకి గట్టిగా చెప్పాలి. సబ్మిషన్ ముందు రాత్రంతా మేలుకోవడాన్ని మేం పతకంలా చెప్పుకునేవాళ్లం. తెల్లవారుజామున మూడింటికి మౌంట్ బోర్డు కోస్తూ ఎడమ చేతి బొటనవేలు కోసుకున్నాను, మచ్చ ఇప్పటికీ ఉంది. అది కష్టపడటం అనుకున్నాను. వారం ముందు మొదలుపెట్టడం చేతకాకపోవడం, అంతే. ఫోనులో దొరికిన ఫొటోకి రంగు మార్చి మన డిజైన్ అనుకోవడం కూడా ఇలాంటిదే. ఆ గది ఎవరిదో మనకి తెలియదు, వాళ్లు చీపురు ఎక్కడ పెట్టుకున్నారో ఫొటోలో కనిపించదు.

చివరి ఏడు థీసిస్ జ్యూరీకి మళ్లీ ఆ పెద్దాయనే వచ్చారు. నా వంటింటి డ్రాయింగులో ఫ్రిజ్ పక్కన ఆరంగుళాల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు సందు ఒకటి ఉంది. దాని మీద 'చీపురు, చేట, మాప్' అని రాశాను. ఆయన దాన్ని చూశారు, ఏమీ అనకుండా తర్వాతి షీటుకి వెళ్లిపోయారు. లైటింగు బాగాలేదన్నారు. పుస్తకంలో రాసుకున్నాను.

మీరు డిజైన్ చదవకపోయినా ఫరవాలేదు. ఇంట్లో టేపు ఉంటే ఈ ఆదివారం తీయండి. ముందు గట్టు కొలవండి, తర్వాత దాని ముందు నిలబడేవాళ్ల మోచెయ్యి కొలవండి. వాళ్లు దేని మీద ఎక్కుతున్నారో, ఎక్కడ వంగుతున్నారో, ఏ సామాను ఎవరి చేత దింపించుకుంటున్నారో వారం రోజులు ఊరికే చూడండి. సలహాలు మాత్రం వెంటనే ఇవ్వకండి.

మొదటి జీతం కూడబెట్టి చేసిన పని తెనాలిలో వంటగట్టు మార్పించడం. స్టవ్వు ఉన్న వైపు 30 అంగుళాలకి దించాను. అమ్మ ఇప్పుడు నేల మీద నిలబడి వండుతుంది, పీట పెరట్లో కరివేపాకు కుండీ కిందకి వెళ్లింది. గిన్నెలు తోమే సింకు వైపు 34 అంగుళాలే ఉంచేశాను. అది నాన్న ఎత్తుకి సరిపోతుంది. ఆ సంగతి ఆయనకి అమ్మే చెప్పింది.