పిన్ను పీకే ముందు

చిరంజీవి రామాంజికి, ఆదోని నుంచి చిన్నాయన ఆశీస్సులు.

మొన్న యార్డుకు పత్తి తెచ్చిన మనూరోళ్ళు చెప్పినారు, వాగు గడ్డ ఎక్కేటప్పుడు నీ ట్రాక్టరు ముందు చక్రాలు జానెడు లేచినాయంట. నువ్వేమో నవ్వుతున్నావంట. నీ ఉత్తరంలో మాత్రం పత్తి ధర, మీ అమ్మ మోకాలి నొప్పి తప్ప ఇంకేం లేదు.

అది ఇంజను బలం కాదు నాయనా. రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత ట్రాక్టరు హుక్కు మీద వేస్తుంది. హుక్కు ఉండేది వెనక ఇరుసుకు అవతల. అక్కడ అదిమేకొద్దీ ముందు తేలుతుంది. 30 క్వింటాళ్ళ బరువులో పదో వంతు హుక్కు మీద వాలినా 3 క్వింటాళ్ళు! ముందు చక్రాలు నేలకు ఆనకుంటే స్టీరింగు ఎటు తిప్పి ఏం లాభం? బోరాలన్నీ ముందుకు తోయొద్దు, ఇరుసు మీదికి సర్దు. మరీ వెనక్కి వేస్తే తోక ఊగుతుంది. ట్రాక్టరు ముందర ఇనుప దిమ్మెలు తగిలించు. హుక్కుకు కాకుండా పైన టాప్ లింకు కాడ ట్రాలీ కట్టినావంటే ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది, ఆ పని మాత్రం చేయొద్దు.

మాకు ఈ లెక్క ఎద్దులు నేర్పినాయి. శనక్కాయల బండ్లు కట్టుకొని రాత్రంతా ఆదోనికి వచ్చేవాళ్ళం. ముందు బరువైతే కాడి మెడను నలిపి పుండు చేసేది, వెనక బరువైతే కాడి లేచి పట్టెడ గొంతుకు బిగిసేది. ఎక్కుడొస్తే మీ తాత నన్ను ముందుకు జరగమనేవాడు, దిగుడొస్తే వెనక్కి పొమ్మనేవాడు. నిద్రలోనే జరిగేవాణ్ణి. నీకు ఆయన మొండితనమే వచ్చింది, ఆ నవ్వు కూడా.

ఇదంతా ఒక ఎత్తు, ట్రాలీని హుక్కుకు కలిపే పిన్ను ఒక ఎత్తు. పిన్నుకు బదులు సలాక ముక్క దోపి తిరుగుతున్నావంట, నిజమేనా? సలాక వంగుతుంది, గుంతలో ఎగిరి ఊడుతుంది. సరైన పిన్ను, దానికి కింద క్లిప్పు, పక్కన గొలుసు ఉండాల. పిన్ను పోయినా గొలుసుంటే ట్రాలీ ఎదురొచ్చే బస్సు మీదికి పోదు. పొద్దున చూడు, టీకి ఆగితే చూడు, యార్డు గేటు కాడ చూడు. పండుకునే ముందు కూడా చూడమని రాస్తావా ఏమని మీ చిన్నమ్మ నవ్వుతోంది. రాస్తాను.

ట్రాలీ విప్పేటప్పుడు చదునైన చోట ఆపు. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని తేరు చూసినావు కదా, లాగేది ఎంతమందైనా దాన్ని నిలిపేది చక్రం కింద కొయ్య వేసేవాడే. తర్వాత ట్రాలీ ముందు కింద జాకీ పెట్టి పిన్ను వదులయ్యేదాకా ఎత్తు. బిగిసిన పిన్నును సుత్తితో కొట్టొద్దు, బిగిసిందంటే దాని మీద బరువుందని. అదే వెనక బరువుంటే పిన్ను తీయగానే ముందు భాగం పైకి తంతుంది. దాని మీద వంగి ముఖం పెట్టొద్దు. అమెరికాలో కార్ల వెనక ఇల్లంత బండ్లు కట్టేవాళ్ళు స్ప్రింగు కడ్డీలు బిగించి బరువులో కొంత కారు ముందు చక్రాలకు మళ్ళిస్తారంట. వాళ్ళూ విప్పేముందు జాకీతో లేపి కడ్డీల బిగువు తీస్తారు, లేకుంటే కడ్డీ విసిరి కాలు విరగ్గొడుతుంది. మన సుధ మొగుడు చెప్పినాడు.

రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం వేస్తున్నావా? జవాబులో రాయి.

శుక్రవారం ఎమ్మిగనూరు పోతావంట. పిన్నుతోపాటు క్లిప్పులు నాలుగు ఎక్కువ కొను. డబ్బు నేనిస్తాను, మీ నాయనకు చెప్పొద్దు.

ఇట్లు,
మీ చిన్నాయన