ఫైండ్‌కి కనిపించిన ఫైలు లొకేట్‌కి ఎందుకు దొరకదు?

ప్రశ్న: ఉబుంటులో ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టాక ఫైండ్‌తో రూట్ నుంచి వెతికితే ఎంతకీ పూర్తవడం లేదు. లొకేట్‌కేమో అందులోని ఫైళ్లే దొరకవు. ఎందుకండీ?

జవాబు: రెండూ పనిచేసే తీరు వేరండి. ఫైండ్ అప్పటికప్పుడు ప్రతి ఫోల్డరూ తెరిచి చూస్తుంది. మౌంట్ అయిన డ్రైవ్‌లోకీ, నెట్‌వర్క్ షేర్‌లోకీ దిగుతుంది. ఆలస్యం అందుకే. కమాండ్‌లో వెతికే చోటు రాసిన వెంటనే ‘-ఎక్స్‌డెవ్’ చేర్చండి. డివైస్ నంబరు మారిన చోట ఆగుతుంది. అదే పార్టిషన్‌లోని ఫోల్డర్‌ని బైండ్ మౌంట్ చేస్తే మాత్రం నంబరు మారదు, కాబట్టి ఆగదు. అక్కడ ‘-ప్రూన్’ వాడాలి.

లొకేట్ వెతికేది ముందే తయారైన జాబితాలో. దాన్ని తయారుచేసే అప్‌డేట్‌డీబీ మామూలుగా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు మౌంట్ అయ్యే ‘/మీడియా’ను వదిలేస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో ప్రూన్‌పాత్స్ వరుస నుంచి ఆ పేరు తీసేసి, డ్రైవ్ మౌంట్ అయి ఉండగా సుడోతో అప్‌డేట్‌డీబీ నడపండి.